వానను రాసినంతగా నీళ్ళను రాశామా?

రాయలసీమ సాహిత్యం అనగానే కరువు సాహిత్యం అనడం మన విమర్శకు అలవాటైపోయింది. సీమ నుంచి ఒక కథ వచ్చిందంటే అందులో ఎండిన చెరువు, బీటలు వారిన చేను, డొక్కలెండిన ఎద్దు ఉంటాయని పాఠకుడు ముందే ఊహించుకుంటాడు. ఆ మూడూ కనబడగానే 'వాస్తవిక చిత్రణ' అని విమర్శకుడు రాసేస్తాడు. ఈ తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా నిలదీస్తే, మొదట నన్ను నేను నిలదీసుకున్న తర్వాతనే ఆ పని చేస్తున్నానని మనవి.

మన కరువు కథకు ఒక చట్రం ఏర్పడిపోయింది. మొదట్లో రైతు కంటికి చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తాడు. మబ్బు తునక ఒకటి కనబడి, ఆశపెట్టి, గాలికి కొట్టుకుపోతుంది. విత్తనానికి దాచిన గింజలు పొయ్యిమీదికెక్కుతాయి. కాడెద్దులు సంతకు పోతాయి. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడతాడు. చివరికి ఉరితాడో, బెంగుళూరు బస్సో వస్తుంది. ఈ కథ అబద్ధమని నేననను. ఇందులో ప్రతి సంఘటనా మా కర్నూలు, కడప పల్లెల్లో జరిగిందే. కానీ నిజంగా జరిగిన సంఘటనలను వరసగా పేర్చితే వాస్తవికత రాదు. ఒకదానికొకటి ఎందుకు జరిగిందో చెప్పినప్పుడే వస్తుంది. ఆ 'ఎందుకు' దగ్గర మన కథ ఆకాశాన్ని చూపించి ఊరుకుంటోంది.

క్లుప్తంగా చెప్పాలంటే, మనం వానను రాశాం, నీళ్ళను రాయలేదు. వాన ఆకాశానిది. నేలమీద పడిన మరుక్షణం నుంచీ అది నీళ్ళు. నీళ్ళకు కట్ట కావాలి, తూము కావాలి, మరవ కావాలి, వంతు కావాలి, ఆ వంతును నిర్ణయించే మనిషి కావాలి. అంటే నీళ్ళకు యజమానులుంటారు, తగాదాలుంటాయి, చరిత్ర ఉంటుంది. వాన రాకపోతే ఏడవడం తప్ప చేసేదేమీ లేదు. నీళ్ళు రాకపోతే అడగడానికి ఒకడుంటాడు. మన సాహిత్యం ఆ అడగవలసినవాడి వాకిటిదాకా పోయిందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు ఆకాశం సంగతే చూద్దాం. కడప ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. కర్నూలు ప్రాంతంలో అంతకు కాస్త తక్కువ. అనంతపురంలో సుమారు 550. లండన్ నగరంలో ఏడాదికి పడేది సుమారు 600. ఈ అంకె చెప్పినప్పుడు నా విద్యార్థులెవరూ నమ్మరు. తేడా ఎక్కడుందంటే, అక్కడ వాన ఏడాది పొడుగునా సన్నగా పడుతుంది, ఎండ తక్కువ. ఇక్కడ నైరుతి మేఘాలు పడమటి కనుమల్లో బరువు దించుకుని తేలికై వస్తాయి. ఈశాన్య రుతుపవనం తన బలాన్ని కోస్తాలో ఖర్చు చేసుకుని వస్తుంది. వచ్చిన నాలుగు చినుకులూ కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడతాయి. పడిన దానికి రెండింతలకు పైగా నీటిని ఆవిరి చేయగల ఎండ ఆ తర్వాత కాస్తుంది. అంచేత సీమలో బతకాలంటే పడిన వానను పడినచోట ఆపడం, ఆగినదాన్ని పంచుకోవడం అనే రెండు పనులూ మనుషులే చేయాలి. ఈ నేలలో ప్రకృతి సగం కథే చెబుతుంది. మిగతా సగం మనిషి చెప్పుకోవలసిందే.

మన పూర్వులకు ఈ సంగతి తెలియకపోలేదు. వానలు రానప్పుడు ఊళ్ళలో విరాటపర్వం చదివించే ఆచారం ఉంది. రచ్చబండ దగ్గర, గుడి మండపంలో రాత్రిళ్ళు చదువరి చదువుతుంటే ఊరంతా కూర్చుని వినేది. పద్యం చదివితే వాన పడుతుందా అని నవ్వేయడం హేతువాదులమైన మనకు తేలిక. కానీ భారతంలో అంత పెద్ద గ్రంథం ఉండగా విరాటపర్వమే ఎందుకు? అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ తెలుసుకోవడం ఎలాగని కౌరవ సభలో చర్చ వచ్చినప్పుడు భీష్ముడు ఒక గుర్తు చెబుతాడు. ధర్మరాజు ఎక్కడుంటే అక్కడ సకాలంలో వానలు పడతాయి, పంటలు పండుతాయి అని. నమ్మకాన్ని పక్కనపెట్టి అందులోని భావం చూడండి. నీటికీ ఏలుబడికీ సంబంధం ఉందని ఆ పర్వాన్ని ఎంచుకున్న పల్లెటూరి మనిషికి తెలుసు. కరువును అతడు మేఘానికి మాత్రమే ముడిపెట్టలేదు, పాలకుడి నడతకు ముడిపెట్టాడు. అక్షరం రాని శ్రోత పట్టుకున్న ఆ ముడిని మన ఆధునిక కథకుడు జారవిడిచాడేమోనని నా సందేహం.

ఇంకొక పాత రచనను గుర్తు చేయాలి. దాన్ని మన సాహిత్య చరిత్రలు సాహిత్యంగా లెక్కపెట్టవు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర ఒక సంస్కృత శాసనముంది. కాలం 1369. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు, ఆ చెరువు తవ్వించినప్పటిది. రోజుకు వెయ్యిమంది మనుషులు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేశారని అందులో ఉంది. శాసనంలో దానపుణ్యాల ప్రశంస ఎలాగూ ఉంటుంది. అసలు విశేషం ఏమిటంటే, మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలు ఉండరాదని శ్లోకాల్లో లెక్కపెట్టి చెప్పడం. గట్టి నేల, కొంత దూరం నుంచి వచ్చే తీపి నీటి ఏరు, రెండు కొండల నడుమ కట్ట, పొడవాటి రాళ్ళు దొరికే గని, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, పని తెలిసిన కూలీల దండు, ఇలాంటివి ఆ అంగాల్లో కొన్ని. దోషాలు ఇవి: కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్ళు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం, నేల కొంచెమై నీళ్ళు ఎక్కువ కావడం.

ఆరు వందల యాభై ఏళ్ళ కిందటి ఆ శ్లోకకర్త ఆకాశాన్ని తిట్టలేదు, మొక్కలేదు. నీరు ఎందుకు నిలవదో ఆరు కారణాలు చెప్పాడు. ఆ ఆరింటిలో నేలకు, కట్టడానికి చెందినవి కొన్ని. మిగిలినవి రాజకీయానికీ పంపకానికీ చెందినవి. 'రెండు రాజ్యాల సరిహద్దు' అన్న దోషాన్ని ఈనాడు సుంకేసుల దగ్గర నిలబడి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. 2014 తర్వాత అక్కడ తుంగభద్రకు ఆ ఒడ్డు ఒక రాష్ట్రం, ఈ ఒడ్డు ఒక రాష్ట్రం. ఎగువన ఇంకొక రాష్ట్రం ఉండనే ఉంది. 'నీళ్ళు కొంచెం, ఆయకట్టు ఎక్కువ' అన్న దోషాన్ని కాలవ చివరి భూముల రైతుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. శాసనకర్త రాజాశ్రయంలో ఉన్నవాడు. చెరువు తవ్విన వెయ్యిమంది కూలీలలో ఒక్కరి పేరూ చెప్పలేదు. అది అతని వర్గపు హద్దు. కానీ కారణాన్ని వెతికే చూపు అతనికుంది. మన కరువు కథకు కూలీపట్ల ప్రేమ ఉంది, కారణంపట్ల చూపు లేదు. ఈ రెండూ ఒకేచోట కలిసినప్పుడే మనం కోరే సాహిత్యం పుడుతుంది.

సీమ నేల పుట్టుకతోనే ఎడారి అని నమ్మేవాళ్ళు ఊళ్ళ పేర్లు ఒకసారి చదవాలి. కేతు విశ్వనాథరెడ్డి కథకుడుగానే మనకు ఎక్కువ పరిచయం. ఆయన పరిశోధన కడప జిల్లా ఊర్ల పేర్లమీద. ఊరి పేరు ఆ ఊరి మొదటి చరిత్ర అన్న ఎరుకను మనకిచ్చిన పని అది. ఆ ఎరుకతో చూస్తే జమ్మలమడుగులో మడుగుంది. ఎర్రగుంట్లలో గుంట ఉంది. కర్నూలు వైపు వస్తే కోవెలకుంట్లలో కుంట, బేతంచెర్లలో చెరువు ఉన్నాయి. నీళ్ళు చూసి మనుషులు ఊళ్ళు కట్టుకున్నారు. మహానంది కోనేటి నుంచి ఏడాది పొడుగునా పారే ఊటతో చుట్టూ అరటి తోటలు పచ్చగా ఉండడం ఇప్పటికీ చూస్తున్నాం. పేర్లలో నిలిచిన ఆ నీళ్ళు చాలాచోట్ల నేలమీద ఎందుకు లేకపోయాయన్నది కథావస్తువు కావలసిన ప్రశ్న. మడుగు పేరున్న ఊరిలో పుట్టిన పిల్లవాడు మడుగంటే ఏమిటని టీచరును అడగవలసి రావడం కంటే పెద్ద కథ ఏముంది?

ఆధునిక కవిత్వంలో ఈ నేల గొంతు మొదట బలంగా వినిపించింది విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో. 1956లో అచ్చయిన ఆ కావ్యం అనంతపురం సీమనుంచి వచ్చినా, పెన్న పారే కడప జిల్లా వాళ్ళందరికీ సొంతమైంది. తెలుగు కావ్యానికి గోదావరి, కృష్ణలే నదులుగా ఉన్న రోజుల్లో నీళ్ళు లేని ఏటిని కావ్యవస్తువు చేయడమే పెద్ద సాహసం. విశ్వం అక్కడితో ఆగలేదు. ఒక నిరుపేద దంపతుల బతుకు చెప్పి కరువుకు మనిషి ముఖమిచ్చాడు. కరువంటే పత్రికల్లో వచ్చే అంకె కాదని తెలుగుదేశానికి చాటాడు. ఆ తర్వాత మూడు తరాల సీమ రచయితలు ఆ కావ్యం దగ్గరే మాట నేర్చుకున్నారనడం అతిశయోక్తి కాదు. సింగమనేని నారాయణ సంపాదకత్వంలో వచ్చిన 'సీమ కథలు' సంకలనం ఆ దారి ఎంత విస్తరించిందో చూపింది.

కానీ గొప్ప రచన వెనుక వచ్చేవాళ్ళకు ఒక ప్రమాదముంది. దానిలో తేలికగా అందేది అందుకుని, కష్టపడి సంపాదించవలసింది వదిలేస్తారు. విశ్వం తరవాతివాళ్ళలో చాలామంది ఆయన కన్నీటిని అందుకున్నారు. ఆయన నేలను చదివిన చదువును అందుకోలేదు. ఏడుపు ఒకసారి నిజం. పదోసారికి అలవాటు. వందోసారికి అది ఊతపదం. 'శాపగ్రస్తభూమి' అన్న మాట ఇలాగే వ్యాపించింది. శాపమన్నాక చేసినవాడిని అడిగే వీలు లేదు, విమోచనం కోసం ఎదురుచూడాలి. అభ్యుదయ రచయిత తెలియకుండానే కర్మసిద్ధాంతానికి కొత్త బట్ట కట్టి పంపుతున్నాడని నేనంటే మిత్రులు నొచ్చుకోకూడదు.

చరిత్ర దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1876-78 నాటి ధాత కరువు మాట మా పెద్దల నోట విననివాళ్ళుండరు. ఆ ఏళ్ళలో పసిఫిక్ మహాసముద్రపు జలాలు విపరీతంగా వేడెక్కి మన రుతుపవనాలు దెబ్బతిన్నాయని నేటి వాతావరణ శాస్త్రం చెబుతోంది. అది ఆకాశం పని. కానీ అప్పటికే కర్నూలు-కడప కాలవ ఉంది! మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే బ్రిటిష్ వాటాదారుల సంస్థ 1860 దశకంలో సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు తవ్వించిన కాలవ అది. సేద్యానికే కాదు, పడవల రవాణాకూ ఉద్దేశించినది. కరువు నాటికి కాలవ ఉన్నా జనం చచ్చిపోయారు. ఎందుకంటే అది మొదట ఒక కంపెనీ పెట్టుబడి, ఆ తర్వాతనే ఒక ఏరు. లాభం రాక 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే కరువులో మన రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే కూలికి 1877లో రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని పై అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఇన్ని కారణాలు కళ్ళముందుండగా ధాత కరువుమీద రాసే రచయిత 'వరుణుడు పగబట్టాడు' అని మొదలుపెడితే, కంపెనీనీ ఎగుమతిదారునూ టెంపుల్‌నూ ఒక్క వాక్యంతో నిర్దోషులుగా వదిలేసినట్టే.

ఆ తర్వాతి కథ కూడా నీటి పంపకపు కథే. 1928 నంద్యాల సభలో 'దత్త మండలాలు' అన్న పరాయి పేరు పోయి 'రాయలసీమ' అన్న పేరు వచ్చింది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రల నీళ్ళలో పదేళ్ళపాటు సీమకూ నెల్లూరుకూ ముందు అవసరం తీరాలన్న మాట ఉంది. ఆ మాట ఏమయిందో అందరికీ తెలుసు. 1980 దశకం మొదట్లో శ్రీశైలం జలాశయం కింద కృష్ణా, తుంగభద్రల తీరాల పల్లెలు మునిగిపోయాయి. సోమశిల వెనుక నీళ్ళు కడప జిల్లా ఊళ్ళను ముంచాయి. ఎండి చచ్చిన నేల, నిండి మునిగిన నేల ఒకే జిల్లాలో ఉన్నాయి. వేసవిలో నీళ్ళు దిగినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడిని చూడడానికి జనం పోతారు. గుడితోపాటు నీళ్ళ కిందికి పోయిన కళ్ళాలు, కపిలబావులు, పీర్లచావిళ్ళు, మాలమాదిగ పేటలు ఎవరి కథలో బయటపడాలి? 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగుకు తామే శంకుస్థాపన చేస్తామని రైతులు కదిలారు. వాళ్ళ చేతిలో ఉన్నది దుఃఖం ఒక్కటే కాదు, లెక్క కూడా. ఎన్ని టీఎంసీలు, ఎన్ని అడుగుల మట్టం, ఏ ట్రిబ్యునల్ తీర్పు అన్నది మా వైపు రచ్చబండమీద రైతు నోట వస్తుంది. అతడు కథలోకి వచ్చేసరికి నోరులేనివాడై ఆకాశం చూస్తాడు. మనం రైతును ఉన్నదానికన్నా అమాయకుడిగా రాస్తున్నాం.

ఇక ఊరి లోపలి నీళ్ళు. చెరువు తూము తీసి, మూసి, చేనుచేనుకూ వంతు తిప్పే నీరుగంటి చాలా ఊళ్ళలో దళితుడు. ఏ మడికి ఎంత తడి కావాలో అతని కాలి మడమకు తెలుసు. అయినా అతనికి ఆ చెరువు కింద మాగాణి ఉండేది తక్కువ. ఊరి బావిలో చేద వేసే హక్కు అసలే లేదు. ఊరందరికీ నీళ్ళు పంచే మనిషి తన కడవ నింపుకోవడానికి ఇంకొకరు పోస్తే పట్టుకోవాలి. సీమ సమాజం మొత్తం ఆ ఒక్క మనిషిలో ఉంది. చెరువు మరమ్మతు చూసుకునేవాళ్ళకు దశబంధం ఇనాములుండేవి. తెల్లవాళ్ళ రెవెన్యూ పద్ధతిలో ఆ కట్టుబాట్లు సడలాయి. ఇనాం కాగితంలో మిగిలింది, కట్ట గండిపడింది. పాత పద్ధతి స్వర్ణయుగమని నేననను. నీరుగంటి కడవే దానికి సాక్ష్యం. కానీ అది పోయిన తర్వాత వచ్చిందేమిటో కూడా రాయాలి.

వచ్చింది బోరు. చెరువులో నీళ్ళు ఊరివి. బోరులో నీళ్ళు ఎవరి చేను వాళ్ళవి, ఇంకా చెప్పాలంటే ఎవడు లోతుగా దించగలిగితే వాడివి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ నేల ఎవరిదైతే దాని కింది నీరు తోడుకునే హక్కు వాళ్ళదే అన్న భావన నడిచింది. 2002లో వాల్టా చట్టం వచ్చి బోర్లకు కట్టడి పెట్టింది. కట్టడి కాగితంమీదికన్నా కింద ఎంత దిగిందో చీనీ తోటల రైతులనడిగితే చెబుతారు. పక్కవాడు మూడు వందల అడుగులు పోతే నేను ఆరు వందలు పోవాలి. అన్నదమ్ముల మధ్య పోటీ నేల లోపల నడుస్తుంది. ఎద్దులమ్మి చేసే సేద్యం పోయి అప్పుతో నేలను గుచ్చే సేద్యం వచ్చింది. ఉత్పత్తి సంబంధాలు మారాయి. కథలో మాత్రం కాడెద్దుల కన్నీరే కారుతోంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట తొమ్మిదో తరగతి పిల్లలను 'వర్షం' మీద వ్యాసం రాయమన్నాను. అందరూ గైడు పుస్తకంలో ఉన్నట్టు నెమళ్ళు పురివిప్పాయనీ, నదులు పొంగాయనీ, రైతుల మనసులు పులకించాయనీ రాశారు. మా ఊళ్ళో ఏ పిల్లవాడూ పురివిప్పిన నెమలిని చూసి ఉండడు. ఒక పిల్లవాడు మాత్రం తమ చేనికి రాత్రిపూట బోరు బండి వచ్చిన సంగతి రాశాడు. టెంకాయ నిలబడినచోట పాయింటు పెట్టారు. ఆరు వందల అడుగులకు దుమ్ము వచ్చింది. ఇంకొక వంద దించమన్నాడు నాయన. అమ్మ కమ్మలు తీసి చేతిలో పట్టుకుని నిలబడింది. మళ్ళీ దుమ్మే వచ్చింది. 'ఆ రాత్రి మా చేనిలో దుమ్ము వాన పడింది, అందరం తడిసినట్టు తెల్లగా అయినాం' అని ముగించాడు. 'విషయం తప్పింది' అని ఎర్రసిరాతో రాసి పదికి మూడు వేశాను. ఆ తర్వాత ఒక సంకలనానికి కరువు కథలు ఏరుతూ ఇరవై కథలు చదివాను. ఆ పిల్లవాడి పేజీతో తూగే పేజీ ఒకటి రెండు చోట్ల మించి కనబడలేదు. విషయం తప్పింది వాడు కాదు. ఎమ్మే చదివిన నేనూ, నాకు 'ప్రకృతి వర్ణన' నేర్పిన చదువూ తప్పాం. ఆ పిల్లవాడు ఏడాది తర్వాత బడి మానేశాడు. ఆ మూడు మార్కులను దిద్దే వీలు నాకు లేదు.

'నీటి లెక్కలు ఇంజనీరుకు కావాలిగాని కథకుడికెందుకు? వ్యాసం రాయమంటున్నారా, కథ రాయమంటున్నారా?' అని అడిగేవాళ్ళుంటారు. సమాధానంగా ఒక పరాయిదేశపు నవలను గుర్తుచేస్తాను. ఇటలీ రచయిత ఇగ్నాజియో సిలోనే 1933లో 'ఫోంతమారా' ప్రచురించాడు. అదొక కొండ పల్లె. ఆ పల్లె పొలాలకు పారే చిన్న ఏటిని ఒక కాంట్రాక్టరు తన భూమికి మళ్ళించుకుంటాడు. జనం గోలపెడితే పట్నం వకీలు మధ్యవర్తిత్వం చేస్తాడు. నీళ్ళలో ముప్పాతిక కాంట్రాక్టరుకు, 'మిగిలిన దానిలో ముప్పాతిక' ఊరికి అని తీర్పు చెబుతాడు. చెవికి ఇద్దరికీ సమానంగా వినిపిస్తుంది. చదువురాని జనం ఒప్పుకుంటారు. ఆ ఒక్క లెక్కలో చట్టం, చదువు, భాష, నియంతృత్వం అన్నీ ఉన్నాయి. చదువుతూ నవ్వుతాం, నవ్వు ఆగేలోపల కోపం వస్తుంది. నీటి లెక్క అక్కడ కథకు బరువు కాలేదు, కథే అయింది. మా రైతు కాలవ చివర నిలబడి వినే మాటలూ ఆ తీర్పుకు చుట్టాలే. వాటిని రాయడానికి సిలోనే రావాలా?

ఈ దిశలో అడుగులు పడడం లేదని నేననను. కడప జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా కూడా వచ్చింది. ఊరి దగ్గర మేతా నీళ్ళూ కరువైనప్పుడు గొర్రెల మందలతో నల్లమలకు పోయే కాపరుల కథ అది. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడొకడు వాళ్ళ వెంట పోతాడు. ఈ నవల గొప్పతనం ఏమిటంటే కాపరులను కరువు బాధితులుగా కాక పనిమంతులుగా చూపడం. అడవి, పులి, మేత, నీటి జాడ, మంద నడక వాళ్ళకు తెలిసిన విద్య. చదువుకున్నవాడు ఆ విద్య ముందు కొత్త విద్యార్థి అవుతాడు. మన కరువు కథలో లోపించిన జ్ఞానం ఇక్కడ కథను నడిపించింది. ఈ నవల నీళ్ళ కోసం కొండెక్కింది. నీళ్ళు ఊరిని ఎందుకు వదిలాయన్న ప్రశ్నే కేంద్రంగా, ఊరి చెరువు కట్టమీద కూర్చుని ఇంకొక నవల రావాలి.

ఆలస్యానికి వ్యవధి కూడా లేదు. ఆకాశం ఇప్పుడు పాత ఆకాశం కాదు. 2009లో దేశమంతటా నైరుతి విఫలమైంది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్నం నీళ్ళలో మునిగింది. కరువు వార్తలు రాసిన విలేకరులే పడవలెక్కి వరద వార్తలు రాశారు. 2021 నవంబరు 19న చెయ్యేరుమీద అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. పోరుమామిళ్ళ శ్లోకకర్త చెప్పిన ఆరో దోషం గుర్తుచేసుకోండి. భూగోళం వేడెక్కే కొద్దీ వాన పడే రోజులు తగ్గి, పడిన రోజున కుంభవృష్టి అయ్యే ధోరణి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. అటువంటప్పుడు కట్టల గట్టితనం, గేట్ల నిర్వహణ, ముందు హెచ్చరిక, పునరావాసం అనేవి సీమ మనిషి చావుబతుకులు. మబ్బు కోసం ఎదురుచూసే కథ మాత్రమే మన దగ్గర ఉంటే, మబ్బు వచ్చి ముంచినప్పుడు మన దగ్గర మాటే ఉండదు.

ఇందులో రచయితల బాధ్యత ఎంతో విమర్శకుల బాధ్యతా అంతే. ఆకలి కనబడితే చాలు మెచ్చుకున్నాం. ఏడిపిస్తే చాలు పంచాం, పాఠంగా పెట్టాం. దానివల్ల బయటి పాఠకుడికి సీమ అంటే జాలి కలిగింది. లోపలి పిల్లవాడికి తన నేలంటే సిగ్గు కలిగింది. జాలి నీళ్ళు తేలేదు. సిగ్గు బస్సెక్కించింది. తన ఊరు శాపగ్రస్తమని పుస్తకం చెబితే పిల్లవాడు ఊరు వదులుతాడు. తన ఊరి నీళ్ళు ఏ దారిన పోయాయో పుస్తకం చెబితే వాడు నిలబడి అడుగుతాడు. మా తరానికి సాహిత్యం ఇంతకంటే చేయగల పని నాకు కనబడడం లేదు.

కనుక సీమ యువ రచయితలకు ఒక విన్నపం. ఈసారి కరువు కథ రాసేముందు మీ ఊరి చెరువు కట్టమీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నడవండి. తూము ఎక్కడుందో, మరవ ఎటు పారేదో, సప్లై కాలవను ఎవరు ఆక్రమించుకున్నారో, ఆఖరి నీరుగంటి ఎవరో, అతని మనవడు ఇప్పుడు ఎక్కడ కూలి చేస్తున్నాడో కనుక్కోండి. ఊళ్ళో ఎన్ని బోర్లు దించారు, ఎన్నిట్లో దుమ్ము వచ్చింది, ఎవరి కమ్మలు పోయాయి అని అడగండి. ఆ తర్వాత ఆకాశం వైపు చూడాలనిపిస్తే చూడండి.